మొత్తం చేప ఇంట్లోనే రోస్ట్ చేసుకోవడం: మావాళ్ళు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మేం ఉండేది తిరుపతిలో. ఓటీజీ (అంటే చిన్న కరెంటు ఓవెన్) కొన్నది కేకులు చేద్దామని, నాలుగు కేకులయ్యాక పిల్లకాయలకు మోజు తీరిపోయింది, ఒక ఆదివారం ఊరికే చేపను పెట్టి చూశాం, అప్పట్నుంచి అందులో కాల్చేదంతా చేపలే. ఇంటికొచ్చి తిన్నోళ్ళు ఊరికి పోయాక ఫోన్ చేసి అడుగుతారు, వదినా మాది మెత్తగా అయిపోయింది, అక్కా మాది అడుగంటింది, పిన్నీ డిగ్రీలు ఎంత పెట్టాలి అని. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. నేనేం చెఫ్‌ని కాదు, కానీ చెడగొట్టిన చేపలు చాలానే ఉన్నాయి నా లెక్కలో, వాటి వల్ల తెలిసిందే ఇదంతా.

ముక్కలు కొట్టించి వేపుడు చేసుకుంటే సరిపోయేదానికి మొత్తం చేప ఎందుకు?

వేపుడు వేపుడే, దాన్ని కాదనను. కానీ ముక్క కొట్టగానే లోపలి నీళ్ళు కారిపోయే దారి ఏర్పడతాది, నూనెలో వేసేసరికి బయట గట్టిగా లోపల పొడిపొడిగా అవుతాది. చేపను చేపగానే పెడితే చర్మం మూత మాదిరి పని చేస్తాది, ముల్లు నుంచి, తలకాయ నుంచి జిగురు దిగి కండలోకే పోతాది. నూనె కూడా రెండు స్పూన్లే. ఇంకో సంగతి, వంట చేసేవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి ముక్కముక్కా తిప్పే పని లేదు, లోపల పెట్టి వచ్చి కూర్చోవచ్చు. ఆదివారం పూట అది చిన్న విషయం కాదు.

ఏ చేప తెచ్చుకోవాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మనకు అలవాటైన బొచ్చె, రాగండి పులుసుకు బంగారం, మొత్తంగా కాల్చేదానికి మాత్రం నేను వద్దంటా. వాటి కండలో రెండుగా చీలిన సన్న ముళ్ళు ఉంటాయి, పులుసులో నెమ్మదిగా వేలితో తీసుకుని తింటాం కాబట్టి సరే, రోస్ట్‌లో పిల్లకాయలు పెద్ద ముక్క లాక్కుని నోట్లో పెట్టుకుంటారు, ప్రాణం గుబగుబలాడతాది.

నాకు నచ్చింది పండుగప్ప. నడిమి ముల్లు తీసేస్తే తక్కినదంతా పొరలు పొరలుగా ఊడి వస్తాది, కండ తెల్లగా ఉంటాది, ఒక నిమిషం ఎక్కువ కాలినా క్షమించేస్తాది. చెరువుల్లో పెంచేది కూడా వస్తోంది కాబట్టి చేప చేపగా తినే సైజులో దొరుకుతాది. దాని తర్వాత శంకర, ఎర్రగా ఉంటాది చూడండి, అది. చందువ అయితే చెప్పే పనే లేదు, కానీ ధర చూసి పండగకో చుట్టాలొచ్చినప్పుడో. కానాగంతలు చిన్నవి, ఒక మనిషికి ఒకటి లెక్కన నాలుగు వరసగా పేర్చి కాలిస్తే చాలా బాగుంటాయి, వాటిలోనే నూనె ఉంటాది కాబట్టి ఎండిపోవు. పులికాట్ పక్కనుంచి, అంటే సూళ్ళూరుపేట, తడ వైపు నుంచి ఎవరైనా తెలిసినోళ్ళు వస్తుంటే మడవ తెమ్మనండి, కాల్చిన మడవ రుచే వేరు.

బడ్జెట్‌లో కావాలంటే జిలేబీ చేప, అదే తిలాపియా. దాన్ని చులకనగా చూస్తారు గానీ (1952లో మన దేశానికి తెచ్చారు, పుట్టిల్లు ఆఫ్రికా) అరకిలో జిలేబీని బాగా శుభ్రం చేసి కాలిస్తే ఏం చేపని అడిగినోళ్ళు ఉన్నారు మా ఇంట్లో. రూప్‌చంద్ కూడా బాగుంటాది, కొవ్వు ఎక్కువ, మసాలా బాగా పట్టుకుంటాది. వంజరం మాత్రం ముక్కలకే, పొడుగు చేప, ఇంటి ఓవెన్లో పట్టదు, పట్టినా తోక ఎండి తల పచ్చిగా ఉంటాది. కొర్రమీను పులుసుకు వదిలేయండి, పాపం.

చందువ అని చెప్పి రూప్‌చంద్ అంటగడతారంట కదా?

అంటగడతారు. అందరూ కాదు, కొందరు. నోరు తెరిచి పళ్ళు చూడండి, రూప్‌చంద్‌కు మనిషి పళ్ళ మాదిరి పలకల్లాంటి పళ్ళు ఉంటాయి, మొదటిసారి చూసి మా చిన్నోడు జడుసుకున్నాడు. చందువకు కనపడీ కనపడని సన్న పళ్ళు. ఇంకా రూప్‌చంద్ పొట్ట కింద ఎర్రటి మెరుపు ఉంటాది, పొలుసు ఉంటాది. తెలిసి కొనుక్కుంటే రూప్‌చంద్‌లో తప్పేం లేదు, చందువ ధర పెట్టి కొనడమే తప్పు.

ఏప్రిల్, మే నెలల్లో మంచి సముద్రం చేప దొరకట్లేదు, ఎందుకు?

తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఆ రెండు నెలలు మన దగ్గరికి వచ్చేది ఇంజిన్ లేని పడవల వాళ్ళు పట్టిందో, పడమటి తీరం నుంచి వచ్చిందో, ఐసులో నెలల తరబడి ఉన్నదో. పైగా తిరుపతి ఎండ. ఆ కాలంలో నేను చెరువు చేపకే పోతా, జిలేబీనో పెంచిన పండుగప్పనో. సముద్రం చేపే కావాలని పట్టుబట్టి డబ్బులు పోగొట్టుకోవద్దు.

తాజాదని ఎట్లా తెలుసుకోవాలి?

కన్ను ఉబ్బి నీళ్ళ మాదిరి నిగనిగలాడాలి, లోపలికి పోయి పాలు పోసినట్టు తెల్లబడి ఉంటే వదిలేయండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, మట్టి రంగు వద్దు. వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉండిపోతే పాతది. వాసన చూడడానికి మొహమాటపడొద్దు, సముద్రం చేప సముద్రం వాసన వస్తాది, అమ్మోనియా మాదిరి ముక్కు ఘాటెక్కితే నమస్కారం పెట్టి వచ్చేయండి. మనది సముద్రం ఒడ్డు ఊరు కాదు, మద్రాసు నుంచి అయినా ఇటు తీరం నుంచి అయినా రెండు మూడు గంటలు బండిలో ఊగి వస్తాది, కాబట్టి ఐసు మీద ఉన్నదే కొనండి. కానాగంతల విషయంలో ఇంకా జాగ్రత్త, ఎండలో ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనేది తయారవుతాది, ఎంత కాల్చినా అది పోదు, తిన్న గంటలో మొహం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. చేప పడలేదు అనుకుంటారు, పడనిది చేప కాదు, ఎండ.

ఎంత సైజు తేవాలి?

చేప కొనే ముందు ట్రే కొలవండి. నవ్వులాటకు కాదు. మా ఆడబిడ్డ వాళ్ళు మొదటిసారి భోజనానికి వచ్చిన రోజు నేను కిలోన్నర పండుగప్ప తెచ్చి, మసాలా అంతా పట్టించి, గంట నానబెట్టి, ఓవెన్ తలుపు తీసి పెట్టబోతే తలకాయ ఒక జానెడు బయటే ఉంది. అడ్డంగా, ఐమూలగా, ఎట్లా పెట్టినా పట్టలేదు. చివరికి తోక కోసి, తల కోసి, మూడు భాగాలుగా పెట్టి, ప్లేట్లో మళ్ళీ చేప మాదిరి అతికించి వడ్డించా. అందరూ చూసీ చూడనట్టు తిన్నారు, అదీ మర్యాద.

పాతిక లీటర్ల ఓటీజీలో అరకిలో చేప హాయిగా పడతాది, పొడుగు తక్కువగా వెడల్పుగా ఉండే చందువ, రూప్‌చంద్, జిలేబీ లాంటివైతే ముప్పావు కిలో దాకా. నలుగురికి కావాలంటే ఒక పెద్దదాని కంటే రెండు అరకిలోవి మేలు, సమానంగా కాలతాయి, తలల కోసం కొట్లాట కూడా ఉండదు. శుభ్రం చేశాక బరువు తగ్గుతాది, అది లెక్కలో పెట్టుకోండి.

అంగట్లో ఏమని చెప్పి చేయించుకోవాలి?

ముక్కలు కొట్టొద్దన్నా అని మొదటే గట్టిగా చెప్పండి, లేకపోతే మీరు చిల్లర వెతుక్కునే లోపల కత్తి పడిపోతాది. పొలుసు తీయాలి, రెక్కలు కత్తిరించాలి, పొట్ట దగ్గర చిన్నగా చీల్చి పేగులు తీయాలి, మొప్పలు పూర్తిగా పీకేయాలి. ఈ మొప్పల దగ్గరే పొరపాటు. తల ఉంచమన్నాం కదా అని మొప్పలు కూడా ఉంచేస్తారు, కాలిస్తే అక్కడ్నుంచి చేదు, కంపు మొత్తం చేపకు పాకుతాది. పిత్తం చిట్లకుండా తీయమనండి. చిట్లితే పొట్ట లోపల పచ్చగా మరక కనపడతాది, ఆ చోటు కోసి పారేయాల్సిందే.

ఇంటికి తెచ్చాక మీరు చేయాల్సింది ఇంకా ఉంది. పొట్ట తెరిచి చూస్తే నడిమి ముల్లు వెంబడి నల్లటి నెత్తురు గీత ఉంటాది, దాని మీద పల్చటి పొర. గోరుతోనో పాత టూత్‌బ్రష్‌తోనో ఆ పొర చించి నెత్తురంతా గీకేయండి. కొన్ని చేపలకు పొట్ట గోడల మీద నల్లటి పొర ఉంటాది, అదీ తీసేయాలి. నీచు వాసన అని మనం తిట్టుకునేదంతా సగం ఇక్కడిదే, అది అట్లే ఉంచి పైన ఎంత మసాలా పూసినా లాభం లేదు. తోక దగ్గర, పొట్ట అంచున, తల వెనక పొలుసు మిగిలిపోయుంటాది, కత్తి వెనక వైపుతో తోక నుంచి తలకు ఎదురు గీకండి.

మా అత్తకు నీచు వాసన అస్సలు పడదు, ఏం చేయాలి?

కల్లుప్పు, పసుపు, కాస్త చింతపండు గుజ్జు వేసి లోపలా బయటా రుద్ది ఐదు నిమిషాలుంచి కడిగేయండి. మా అవ్వ గుండ్రాయి మీద ఉప్పేసి చేపను రుద్దేది, అది పొలుసుకు, జిగటకు. చింతపండుకు మాత్రం కారణం ఉంది, సముద్రం చేపలో నీచు వాసన పుట్టించేది ట్రైమిథైలమైన్ అనే పదార్థం, పులుపు తగిలితే అది గాల్లోకి లేవకుండా కట్టుబడిపోతాది. చెరువు చేప మట్టి వాసన వేరే రకం, దానికీ పులుపే మందు.

కడిగాక తుడవండి. పాత నూలు గుడ్డతోనో టిష్యూలతోనో లోపలా బయటా ఒత్తి ఒత్తి తుడవండి. ఈ పేజీ మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంటాది అంటే అది ఇదే అయ్యుండాలి. తడి చేప కాలదు, ఉడుకుతాది. పైన నీళ్ళుంటే ఓవెన్ వేడంతా ఆ నీళ్ళను ఆవిరి చేసేదానికే పోతాది, మసాలా జారి ట్రేలోకి దిగుతాది, చర్మం తోలు మాదిరి అవుతాది. నాకు ఫోన్ చేసి మెత్తగా అయిపోయింది అన్నోళ్ళలో ఎవర్ని అడిగినా తుడవలేదనే చెప్పారు. టైముంటే తుడిచాక అరగంట ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టండి, ఇంకా ఆరుతాది.

గాట్లు ఎన్ని పెట్టాలి?

రెండు వేళ్ళ ఎడంలో, ఒక్కో పక్క మూడో నాలుగో, ఏటవాలుగా. లావుగా ఉన్నచోట ముల్లు తగిలేదాకా, తోక దగ్గర పైపైనే. కానాగంతలకు రెండు చాలు.

మసాలా కొలతలు చెప్పండి, అందాజు కాదు, స్పూన్లతో చెప్పండి.

శుభ్రం చేశాక ముప్పావు కిలో ఉండే చేపకు, లేదా రెండు చిన్నవాటికి:

ముందు ఒక టీస్పూన్ ఉప్పు, పావు స్పూన్ పసుపు చేపకంతా, గాట్లలోకి, పొట్టలోకి రుద్ది పదిహేను నిమిషాలు వదిలేయండి. నీళ్ళు వదులుతాది, అవి మళ్ళీ ఒత్తి తీసేయండి.

మిక్సీలో పది పన్నెండు తెల్లగడ్డ రేకులు, అంగుళం అల్లం, ఒక స్పూన్ మిరియాలు, ఒక స్పూన్ జిలకర, రెండు రెమ్మల కరేపాకు, రెండు స్పూన్ల ధనియాల పొడి, రెండు స్పూన్ల కారప్పొడి, నిమ్మకాయంత చింతపండు వద్దు, ఉసిరికాయంత చాలు, అది నానబెట్టి తీసిన చిక్కటి గుజ్జు రెండు స్పూన్లు, ఉప్పు అర స్పూన్. నీళ్ళు పోయకుండా గట్టిగా రుబ్బాలి. మిక్సీ తిరగట్లేదు అని నీళ్ళు పోస్తారు, పోయొద్దు, రెండు పెద్ద స్పూన్ల శెనక్కాయ నూనె పోయండి, ఎట్లాగూ మసాలాకు నూనె కావాలి కదా, నూనె లేని మసాలా వేడికి మాడిపోతాది. చివర్లో ఒక స్పూన్ బియ్యప్పిండి కలపండి, పట్టు దొరుకుతాది.

రంగు కోసం కారప్పొడిలో సగం కాశ్మీరీ వేసుకోవచ్చు. నేను వేయను, మా ఇంట్లో రంగు కంటే కారం ముఖ్యం. గరం మసాలా వేయొద్దు, చేపను కోడి చేసేస్తాది.

గాట్లలోకి వేలితో దూర్చండి. పొట్టలో కొన్ని ఎర్రగడ్డ చక్రాలు, కరేపాకు, కొత్తిమీర కాడలు పెట్టండి, నింపేయొద్దు, నింపితే లోపల వేడి పోదు.

నిమ్మకాయ పిండొచ్చా? ఎంతసేపు నానబెట్టాలి? రాత్రంతా ఉంచితే ఇంకా బాగుంటాది కదా?

ఉండదు. ఇది మటన్ కాదు. నిమ్మరసంలో చేపను ఎక్కువసేపు ఉంచితే కాలకుండానే కండ తెల్లబడి పాలిపోతాది, తర్వాత కాలిస్తే పిండి పిండిగా విరిగిపోతాది. నిమ్మకాయ కాల్చాక తినేముందు పిండుకోండి. చింతపండు మసాలాతో అరగంట నుంచి గంట, అది కూడా ఫ్రిజ్‌లోనే, వంటింటి గట్టు మీద కాదు, మన ఎండలకు గంటసేపు బయట పెట్టడం అంటే పాడు చేసుకోవడమే.

పెరుగు వేసి నానబెడితే బొల్లి వస్తాదంట?

నాక్కూడా చిన్నప్పుడు అట్లే చెప్పి భయపెట్టారు. ఆయుర్వేదంలో పాలు, చేప విరుద్ధాహారం అన్న మాట ఉంది, అది నమ్మేవాళ్ళు మానేయొచ్చు. కానీ బొల్లి అనేది ఒంట్లో రక్షణ వ్యవస్థే రంగు కణాల మీద పడడం వల్ల వచ్చేది, తిండి కలయిక వల్ల వస్తాదని వైద్యంలో రుజువు లేదు. బెంగాలీలు పెరుగేసి చేప కూర వండుకుంటూనే ఉన్నారు. నేను వేయనిది వేరే కారణానికి, పెరుగులో నీళ్ళుంటాయి, మళ్ళీ అదే తడి.

ఓటీజీలో ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు?

220 డిగ్రీలు, పైన కింద రెండు రాడ్లూ ఆన్, చేప లేకుండా పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. పది చాలని బుక్కులో రాసుంటాది, మా ఓవెన్‌కు చాలదు. తలుపు తెరిస్తే సగం వేడి మొహం మీదికే వస్తాది, గబుక్కున పెట్టి మూసేయాలి.

లెక్క ఏందంటే, చేపను పడుకోబెట్టి లావుగా ఉన్నచోట స్కేలుతో కొలవండి, అంగుళానికి పది నిమిషాలు. బరువు కంటే ఈ లెక్క నమ్మకం, ఎందుకంటే ముప్పావు కిలో చందువ పల్చగా ఉంటాది, ముప్పావు కిలో పండుగప్ప లావుగా ఉంటాది. ఇంటి ఓవెన్లకు రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. మా ఇంట్లో అరకిలో జిలేబీకి పద్దెనిమిది నిమిషాలు, ముప్పావు కిలో పండుగప్పకు ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఆఖరి మూడు నిమిషాలు పై రాడ్ ఒక్కటే పెట్టి అక్కడే నిలబడి చూడండి, ఫోన్ తీసుకుని పక్కకు పోయారంటే మసాలా బొగ్గే.

ట్రే మీద నేరుగా కాకుండా జాలీ మీద పెట్టి, కింద ట్రే పెడితే రసం కిందికి కారి చేప పొడిగా కాలతాది. జాలీ కడగడం బద్ధకమైతే ట్రేలో ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు చక్రాలుగా కోసి పరిచి వాటి మీద పెట్టండి. ఆ ఉర్లగడ్డలకు చేప నూనె, మసాలా దిగి, మా ఇంట్లో చేప కంటే ముందు అవే అయిపోతాయి. తిప్పొద్దు, తిప్పితే విరుగుతాది.

కరెంటు పోతే తలుపు తెరవొద్దు, ఐదు పది నిమిషాలైతే లోపలి వేడికే నడిచిపోతాది, ఎక్కువైతే బాండ్లిలోకి మార్చి మూత పెట్టి సన్న మంట మీద ముగించండి.

ఉడికిందో లేదో ఎట్లా తెలుస్తాది?

తల వెనక లావుగా ఉన్న గాటులో ఫోర్క్ పెట్టి తిప్పండి, కండ అద్దం మాదిరి కాకుండా తెల్లగా అయ్యి పొరలుగా విడిపోతే అయిపోయినట్టే. ముల్లుకు అంటుకుని గులాబీ రంగులో ఉంటే ఇంకో మూడు నిమిషాలు. వీపు మీది రెక్క మొదలు పట్టి లాగితే సులువుగా ఊడి వచ్చినా అయిపోయినట్టే. థర్మామీటర్ ఉన్నోళ్ళు లావుచోట 63 డిగ్రీలు చూసుకోండి.

పచ్చిగా ఉంటాదేమో అన్న భయంతో నలభై నిమిషాలు పెట్టినోళ్ళు ఉన్నారు. అది చేప కాదు, పీచు. బయటికి తీశాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి, ఆ ఐదు నిమిషాల్లో లోపల ఇంకా ఉడుకుతాది, కాబట్టి కొంచెం ముందే తీయడం తెలివి.

మాకు ఓవెన్ లేదు, పెనం మీద అవుతాదా?

అవుతాది, ఓవెన్ లేకముందు మనవాళ్ళు కాల్చలేదా ఏంది. దళసరి దోశ పెనం, అరకిలో లోపల చేప. అరిటాకును మంట మీద అటూ ఇటూ చూపిస్తే మెత్తబడి విరక్కుండా వంగుతాది, దానికి నూనె రాసి చేపను చుట్టి దారంతో కట్టి పెనం మీద పెట్టి మూత పెట్టండి. సన్న మంట మీద ఒక్కో పక్క తొమ్మిది పది నిమిషాలు. ఆకు నల్లబడితే కంగారు పడొద్దు, ఆకు కాలడం కోసమే ఉంది. చివర్లో ఆకు విప్పి రెండు నిమిషాలు నేరుగా పెనం మీద వేస్తే పైన గట్టిపడతాది.

బొగ్గుల మీద అయితే రాజు. తొందర పడి మంట ఉండగానే పెట్టేస్తారు, బొగ్గుల మీద బూడిద పొర తెల్లగా పట్టేదాకా ఆగాలి. రెండు రెక్కల జాలీ దొరుకుతాది, దాంట్లో చేపను బిగించి, జాలీకి నూనె రాసి, అరకిలోకి ఒక్కో పక్క ఏడెనిమిది నిమిషాలు. మేడ మీదో పెరట్లోనో చేయండి, తలుపులు మూసిన గదిలో బొగ్గులు పెట్టొద్దు, ఆ గాలి ప్రాణం తీస్తాది, నిజంగానే.

ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీలు, నాలుగొందల గ్రాముల చేపకు పదిహేను నిమిషాలు, తోక కత్తిరిస్తే తప్ప పట్టదు. మామూలు మైక్రోవేవ్‌లో వద్దు, అది ఉడకబెట్టడమే. కన్వెక్షన్ ఉన్నదైతే ఓవెన్ మాదిరే వాడుకోవచ్చు, లోహపు జాలీ కన్వెక్షన్ మోడ్‌లోనే, మైక్రోవేవ్ మోడ్‌లో పెట్టొద్దు.

అల్యూమినియం ఫాయిల్ చుట్టొచ్చా?

చుట్టితే ఆవిరికి ఉడుకుతాది, రోస్ట్ అనిపించుకోదు. పైగా చింతపండు, ఉప్పు తగిలిన చోట ఫాయిల్ తిని చిల్లులు పడతాది. తప్పదంటే మధ్యలో అరిటాకు వేయండి. తోక, రెక్కలు మాడకుండా చిన్న ముక్క చుట్టడం వరకు పర్వాలేదు.

చర్మం అంటుకుని ఊడిపోతోంది.

మూడు కారణాలు: తుడవలేదు, జాలీకి నూనె రాయలేదు, వేడెక్కకముందే పెట్టారు. ఇంకా తీసేటప్పుడు తొందర. రెండు వెడల్పాటి దోశ గరిటెలు చెరో పక్కనుంచి దూర్చి ఎత్తండి.

తల తినొచ్చా?

తినకపోతే నాకు పంపించండి. మొప్పలు తీసిన తలలో చెంపల కండ చేప మొత్తంలోకి మెత్తనిది, రెండే రెండు ముక్కలుంటాయి. మా నాయన అవి తీసి మనవరాలి ప్లేట్లో వేస్తాడు, మాకెప్పుడూ వేయలేదు.

పిల్లకాయలకు ఎట్లా పెట్టాలి, ముల్లు ఇరుక్కుంటే?

పడుకోబెట్టిన చేప పక్క మీది మధ్య గీత వెంబడి స్పూన్‌తో గీసి పై సగాన్ని పైకి, కింది సగాన్ని కిందికి జరిపితే నడిమి ముల్లు తేలుతాది, తోక పట్టి ఎత్తితే తలతో సహా వచ్చేస్తాది. పిల్లలకు వీపు కండే పెట్టండి, పొట్ట వైపు పక్కటెముకల ముళ్ళుంటాయి. ముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగించడం మన అలవాటు, వద్దు, ముద్దతో పాటు ముల్లు ఇంకా లోపలికి దిగబడొచ్చు. దగ్గితే పోతే సరి, పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి పోండి, వాళ్ళు చూసి తీసేస్తారు.

తిరుపతిలో ఉంటూ చేపలా అని ఊరోళ్ళు అడుగుతున్నారు.

కొండ మీద మాంసం, చేప, మందు ఏదీ కుదరదు, తీసుకుపోనూ కూడదు, అలిపిరి దగ్గరే చెక్ చేస్తారు. కింద ఊర్లో అందరి మాదిరే మనమూ. కానీ ఊరికో పద్ధతి ఉంటాది కదా. పెరటాసి నెల వచ్చిందంటే, సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా, చాలా ఇళ్ళలో నీచు ముట్టరు, కొందరు శనివారాలు మాత్రమే మానేస్తారు. మేం నెలంతా మానేస్తాం, ఓటీజీకి ఆ నెల సెలవు, లోపల నిమ్మతొక్కలు వేసిన నీళ్ళ గిన్నె పెట్టి వేడి చేసి తుడిచేస్తా, పాత వాసనంతా పోతాది. అద్దె ఇంట్లో ఉన్నోళ్ళు ఓనర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. మసాలా కాలే వాసన మూడో అంతస్తు దాకా పోతాది, దాచలేరు.

దేంతో తినాలి?

రాగి సంగటి. అన్నం, రసం కూడా సరే. పక్కన ఊరుబిండి, పచ్చి ఎర్రగడ్డ, నిమ్మచెక్క. మా ఆయన చపాతీలో చుట్టుకుని తింటాడు, నేను ఆ పక్కకు చూడను.

మిగిలితే?

మిగలదు అనుకుంటాం గానీ ఒక్కోసారి రెండో చేప సగం మిగులుతాది. వేడి తగ్గగానే ముళ్ళు తీసేసి కండ విడదీసి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, ముల్లుతో పెడితే మర్నాటికి నీచు కొడతాది. పొద్దున్నే బాండ్లిలో నూనె, ఎర్రగడ్డలు ఎక్కువగా, పచ్చిమిరక్కాయలు, కరేపాకు వేసి ఎర్రగడ్డలు మెత్తబడ్డాక ఆ కండ వేసి రెండు నిమిషాలు కలిపితే పొరటు అవుతాది, ఉప్పు వేయొద్దు, అప్పటికే ఉంది. దోశ మీద వేసుకుని తింటారు మా పిల్లకాయలు. ముళ్ళు, తల మిగిలితే నీళ్ళలో వేసి కాచి, ఆ నీళ్ళు పులుసులో పోస్తా, అది ఇంకో రోజు రాస్తా, ఇప్పుడు ఓవెన్ గంట కొట్టింది.